పంపు షెడ్డు దగ్గర పంచాయతీ

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా ఇంజినీరు టీ గ్లాసు కడిగి, మండల కార్యాలయం వరండాలో బల్ల మీద బోర్లించాడు. తన గ్లాసు తనే కడుక్కోవడం ఆయనకు అలవాటు. 2014 అక్టోబరు తుపాను మా తీరం దాటి వెళ్లిన నాలుగో రోజు అది. నీళ్లు కరువుగా ఉన్నాయి కాబట్టి గుక్కెడు నీళ్లతోనే గ్లాసు తిప్పి, ఆ నీళ్లు కూడా మెట్ల పక్కన ఒరిగిపోయిన మందార మొదట్లో పోశాడు.

"పదండి మేష్టారూ, జనరేటరు దిగిందట" అన్నాడు.

నేను బడిపంతుల్ని కాను. సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ కేంద్రంలో పాఠాలు చెప్పేవాణ్ణి. అందుకని ఆయన నన్ను మేష్టారనేవాడు. ఆయన గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఇంజినీరు, కోటబొమ్మాళి దగ్గర పల్లెటూరి మనిషి. తుపాను డ్యూటీకి మా ఇద్దరినీ ఒక జీపులో వేసి, తీరం వెంట ఉన్న కొన్ని పంచాయతీలు చూసుకోమన్నారు. నీళ్ల సంగతి ఆయన చూడాలి. ఊరి పెద్దలతో మాట్లాడవలసినవాణ్ణి నేను.

ఇప్పుడు పంచాయతీరాజ్ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. స్థానిక ప్రభుత్వాలను బలోపేతం చేయడం అంటే ఏమిటని పరీక్షలో అడిగారని చెబుతారు. వాళ్లు రాసిన జవాబులు తప్పు కాదు. నేనూ అవే చెప్పాను, పాతికేళ్లు. కానీ నాకు ఆ మాట వినగానే గుర్తొచ్చేది ఆ ఒక్క రోజు. దాని గురించి ఎప్పుడూ రాయలేదు. ఇంజినీరు ఉన్నన్నాళ్లూ, రాస్తే ఆయన నవ్వుతాడని అనిపించేది.

ఆ వారంలో మా జిల్లాకు ఎవరెవరు వచ్చారో ముందు చెప్పాలి. కరెంటు స్తంభాలు లేపడానికి మనుషులు వచ్చారు. చెట్లు కోసేవాళ్లు వచ్చారు. ఎక్కడెక్కడి మునిసిపాలిటీల నుంచో చీపుళ్లు, బుట్టలు, బ్లీచింగు బస్తాలతో సఫాయి కార్మికులు లారీల్లో వచ్చారు. రోడ్డు మీద నిలబడితే రాష్ట్రంలో ఉన్న జిల్లాలన్నిటి నంబరు ప్లేట్లు కనిపించేవి. రాత్రి బడి వరండాల్లో పడుకుని, పొద్దున్నే ఎవరూ చెప్పకుండానే లేచి పనిలోకి వెళ్లిపోయేవారు. ప్రభుత్వం అనే మాట నేను క్లాసులో రోజుకు వందసార్లు వాడేవాణ్ణి. అది ఇంత పెద్దదని, ఇన్ని చేతులున్నదని, కళ్లతో చూసింది అప్పుడే.

మాకు వచ్చిన జనరేటరు రాయలసీమ నుంచి వచ్చింది. ట్రాక్టరు ట్రక్కు మీద కట్టారు. దానితో ఇద్దరు ఎలక్ట్రీషియన్లు. కరెంటు లేక ఊళ్లలో మంచినీటి మోటార్లు ఆగిపోయాయి. జనరేటరును ఊరి తర్వాత ఊరికి తిప్పాలి, మోటారుకు కలపాలి, ట్యాంకు నిండగానే పక్క ఊరికి తీసుకుపోవాలి. మంచినీటి పథకాలకు తప్ప దేనికీ వాడకూడదని పై నుంచి కాగితం వచ్చింది. అందులో అన్యాయం ఏమీ లేదు. జనరేటరు ఒకటి, ఊళ్లు చాలా.

ఆ రోజు మొదటి ఊరు ఒక మత్స్యకార గ్రామం. మూడు గంటలకు అక్కడి నుంచి కదిలి మెరక మీద ఉన్న ఊరికి వెళ్లాలి. అది కూలి పనులు చేసుకునే క్రైస్తవ కుటుంబాల ఊరు, వేరే పంచాయతీ.

దారంతా సరుగుడు చెట్లు పడి ఉన్నాయి. కోసినవి పక్కకు లాగి, కోయనివాటి చుట్టూ తిరిగి, మేము ఊరు చేరేసరికి ఎండెక్కింది. ఊళ్లో మగవాళ్లు లేరు. ముసలివాళ్లు, బడి పిల్లలు తప్ప. ఆ తీరంలో ఏటా అంతే. వానలు తగ్గగానే మగవాళ్లు రైలెక్కి గుజరాత్ రేవులకు వెళ్లిపోతారు. అక్కడ బోట్ల మీద పనిచేసి మళ్లీ వేసవికి వస్తారు. తుపాను వచ్చినప్పుడు ఊళ్లో ఉన్నది ఆడవాళ్లు.

సర్పంచు కూడా ఆడమనిషే. నాకు ముఖం గుర్తుంది. ముందటేడు ఎన్నికలయ్యాక మా కేంద్రానికి శిక్షణకు వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చివరి బల్ల మీద కూర్చునేది. కిటికీ బయట ఆమె భర్త నిలబడి ఉండేవాడు. నేను ఏదైనా అడిగితే ఆమె కిటికీ వైపు చూసేది, ఆయన చెప్పేవాడు. ఆఖరి రోజు ఆయన టీ తాగడానికి వెళ్లినప్పుడు మాత్రం ఆమె ఒక ప్రశ్న వేసింది.

"సార్, సభలో అందరూ ఒప్పుకోకపోతే ఏటి సెయ్యాల?"

"ఎక్కువమంది ఎటుంటే అటు తీర్మానం" అన్నాను.

"ఓడినోలు కూడా ఆ ఊర్లోనే ఉంటారు కదండి" అంది.

దానికి నేను ఏం చెప్పానో గుర్తులేదు. ఏదో చెప్పే ఉంటాను.

ఇప్పుడు ఆ భర్త గుజరాత్‌లో ఉన్నాడు. ఆమె పంపు షెడ్డు ముందు చీర కుచ్చిళ్లు దోపుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూసి దణ్ణం పెట్టి, "బేగి వచ్చినారు బాబూ" అంది. వెనక ఉన్న షెడ్డు తలుపు మాత్రం తెరవలేదు.

ఎలక్ట్రీషియన్లలో పెద్దవాడు తలుపు లాగి లోపలికి చూసి, అలాగే నిలబడిపోయాడు. "యాడన్నా మోటారు? ఈడ వలలు తప్ప ఏం కనపడల్యా" అన్నాడు.

ఊళ్లో పక్కా కాంక్రీటు గది అదొక్కటే. తుపాను హెచ్చరిక రాగానే ఊరందరూ తమ వలలు తెచ్చి అందులో కుక్కారు. నేల నుంచి కప్పు దాకా. తడిసిన నైలాను బరువెక్కి, స్టార్టరు బోర్డు చుట్టూ చుట్టుకుని, మోటారు పైపును కప్పేసింది. గాలికి ఇళ్ల పైకప్పులు పోయాయి గాని ఒక్క వల పోలేదు.

"నీళ్ల గదిలో వలలేటమ్మా పెట్టడం?" అన్నాడు ఇంజినీరు.

షెడ్డు అరుగు మీద కూర్చున్న కుల పెద్ద జవాబిచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, తలకు తువ్వాలు. "మోటారు పోతే మీరు ఇంకోటి తెత్తారు బాబూ. వల పోతే మాకెవుడు తెత్తాడు?"

ఇంజినీరు కాసేపు ఆయన వైపు చూసి, "అదీ నిజమే తాతా" అని, చొక్కా చేతులు మడిచి వల కొస పట్టుకున్నాడు. ఆడవాళ్లు వచ్చారు. ఒక్కో వలా విప్పుతూ, ఎవరిది ఎవరిదో చెప్పుకుంటూ, తిట్టుకుంటూ బయటికి లాగారు. రాయలసీమ వాళ్లు మొదట దూరంగా నిలబడ్డారు గాని ఒకామె, "ఏటి సూత్తారు? పట్టండి, మీ సేతులేటి అరిగిపోతాయా" అనేసరికి వాళ్లూ దిగారు. స్టార్టరు విప్పి, తుడిచి, ఎండలో పెట్టి, మళ్లీ బిగించేసరికి మధ్యాహ్నమైంది. మధ్యలో ఎండకు పెట్టినప్పుడు వాళ్లలో చిన్నవాడు ఇసుక మెట్ట ఎక్కి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. అతను సముద్రం చూడడం అదే మొదటిసారట.

జనరేటరు మొదలై, మోటారు పట్టి, కుళాయిలో మొదట బురద, తర్వాత నీళ్లు వచ్చాయి. బావుల్లో ఉప్పునీళ్లు చేరి నాలుగు రోజులు కొబ్బరి బొండాలతో, ఎక్కడో పట్టిన వాన నీళ్లతో గడిపిన ఊరు అది. ఎవరూ అరవలేదు. బిందెలు వాటంతట అవే వరసలోకి వచ్చాయి.

అప్పుడు సర్పంచు మా దగ్గరికి వచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు, వాళ్లతో ఊరి చివరి సెల్ టవరు చూసుకునే మనిషి.

"బాబూ, టవరుకి కరెంటు ఇత్తే సిగ్నల్ వస్తాదంట. ఈ జనరేటరు అక్కడికి తిప్పగలరేటి?"

టవరు సొంత జనరేటరు నీళ్లలో మునిగింది. మిగతావన్నీ బాగున్నాయి, కరెంటు ఉంటే పలుకుతుంది, అయితే ఒకేసారి అందరూ చేస్తే ఎవరికీ కలవదు అని ఆ మనిషి చెప్పాడు. ఆ రోజుకి మా వైపు ఫోన్లు పలుకుతున్నది శ్రీకాకుళంలో ఒకటి రెండు చోట్ల మాత్రమే.

నాకు వెంటనే కాగితం గుర్తొచ్చింది. "ఇది నీళ్లకేనమ్మా ఇచ్చారు. మూడింటికి పై ఊరికి పోవాలి. అప్పటిదాకా ఆపకుండా ఆడితే గాని మీ ట్యాంకు నిండదు. సాయంత్రం శ్రీకాకుళం వెళ్తున్నాం. మీ వాళ్ల నంబరు ఇస్తే నేనే మాట్లాడి, అందరూ క్షేమమని చెబుతాను" అన్నాను.

వెనక నిలబడిన ఆడమనిషి నవ్వింది. నవ్వు కాదు అది. "టీవీలోనూ అదే సెప్తారు బాబూ, పేణనష్టం నేదని. ఆపీసరు గొంతుతో సెప్తే ఆలు నమ్ముతారేటి? అక్కడ రేవుల్లో టీవీలు ఉంటాయి. పొద్దు పొడిసింది మొదలు విరిగిన పడవలే సూపిస్తుంటారు. ఆలు కూడు తినరు."

"కూడు తినకపోతే పరవానేదు" అంది ఇంకొకామె. "ఆ మనసుతో బోటెక్కుతారు. అదీ నా బయం."

నేను ఇంజినీరు వైపు చూశాను. ఆయన వాచీ చూసుకుని ఆమెతో అన్నాడు: "ఈ జనరేటరు మూడు గంటల వరకు మీ పంచాయతీది. మోటారుకు పెట్టాలో టవరుకు పెట్టాలో నువ్వు సెప్పాల. నువ్వే సెప్పు తల్లీ. మేం వైరు కలుపుతాం."

ఆయన్ని పక్కకు తీసుకెళ్లి ఆదేశాలు గుర్తుచేశాను. "ఆ కాగితం నాకూ వచ్చింది మేష్టారూ. దాని సంగతి నేను చూసుకుంటాను. మీరు క్లాసులో చెప్పేదేమిటి, ఊరికి ఏది ముందో ఊరే తేల్చుకోవాలని కదా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నా పాఠం మీద నమ్మకంతో అన్నాడు. నాకే అంత నమ్మకం ఉండేది కాదు.

దాన్ని గ్రామసభ అనలేను. నోటీసు లేదు, అజెండా లేదు. బిందెల వరస కదులుతూనే ఉంది, ఆ వరసలో ఉన్నవాళ్లే సభ. సర్పంచు కుళాయి దిమ్మ మీద నిలబడి అడిగింది: "టవరు వద్దు, నీలే కావాలి అన్నోలు ముందు మాటాడండి."

ముందు వద్దన్నవాళ్లను అడిగింది. ఇది నేను చెప్పిన పాఠాల్లో లేదు.

చంకలో పసిబిడ్డ ఉన్న ఒకామె, "నా గుంటకి రెండ్రోజులనుంచి ఇరోసనాలు. నాకు నీలే కావాల. మావోడికి కబురు తరవాత సూద్దాం" అంది. ఇంకో ఇద్దరు అదే అన్నారు. తర్వాత కుల పెద్ద లేచాడు. ఆయనా టవరు వద్దన్నాడు. కానీ కారణం వేరు.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. వలస వెళ్లినవాళ్లకు చావు కబురు పంపరు. మనిషి తిరిగి వచ్చి, ఊళ్లో దిగి, స్నానం చేసి, ఇంత అన్నం తిన్నాక అప్పుడు చెబుతారు. నడిసముద్రంలో మనసు చెదిరితే మనిషి దక్కడని భయం. తండ్రి పోయిన సంగతి ఆర్నెల్లకు తెలిసినవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. వాళ్లెవరూ అది తప్పనుకోలేదు.

తుపాను రాత్రి ఆ ఊళ్లో ఒక ముసలామె గోడ కూలి చనిపోయింది. ఊళ్లో పోయిన ప్రాణం అదొక్కటే. ఆమె కొడుకు గుజరాత్‌లో, సర్పంచు భర్త ఉన్న రేవులోనే ఉన్నాడు.

"పోన్లు పలికితే నోల్లు ఆగవు" అన్నాడు పెద్ద. "ఎవుత్తో ఒకర్తి అనేత్తాది. ఆడు రేపు బోటెక్కుతాడు. అప్పుడు ఇంకో పేణం పోతే ఎవులు జవాబు సెప్తారు? నువ్వు సెప్తావా?"

సర్పంచు, "అందరూ సేత్తే ఎవలికీ కలవదంట మావా. ఒక్క పోనే. నాది. మాయన అక్కడ అందర్నీ కూడేత్తాడు. ఇక్కడ ఇంటికొకరు వరసగా వచ్చి ఒక్క మాట, 'బాగున్నాం' అని సెప్పి తప్పుకోవాల. అంతే" అంది.

పెద్ద ఆలోచించాడు. చేపల లెక్క చూసేవాడిలా నేలకేసి చూస్తూ ఆలోచించాడు. తర్వాత తలెత్తి అన్నాడు: "అందరిల్లూ పలికి ఆ ఒక్క ఇల్లు పలక్కపోతే ఆడికి తెలీదేటే?"

ఆమె చెప్పిన ఉపాయంలో ఉన్న లోటు ఆమె కన్నా ముందు ఆయనకు కనిపించింది. ఊరు వరసలో నిలబడితే ఖాళీ కూడా మాట్లాడుతుంది.

"ఆడి పెల్లాం పలుకుతాది" అన్నాడు పెద్ద. "బాగున్నాం అంటాది. అబద్దమేటి కాదు, అది బాగానే ఉంది కదా."

అందరూ ఆ కోడలి వైపు చూశారు. ఇరవై రెండేళ్ల పిల్ల. బిందె నడుమున పెట్టుకుని వరసలోనే ఉంది. తల అడ్డంగా ఊపింది. "అత్త ఏదే అని అడుగుతాడు. నాను సెప్పలేను. సెప్పకుండా ఉండలేను" అంది.

సర్పంచు దిమ్మ దిగింది. నేను చూస్తున్నంతసేపూ ఆమె మా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. కిటికీ వైపు చూసిన మనిషి ఈమేనా అనుకున్నాను. పెద్ద దగ్గరికి వెళ్లి కింద కూర్చుని, మెల్లిగానే, అయినా అందరికీ వినిపించేలా అంది.

"మావా, వరసలో ఒక మాట అబద్దమైతే అన్నీ అబద్దమే అవుతాయి. రేపు ఎవులు బాగున్నామన్నా ఆలు నమ్మరు. అందుకని ముందు ఆ మాట సెప్పీసి, ఆ తరవాత వరస మొదలెట్టాల. ఆ పిల్ల సెప్పక్కర్లేదు. నువ్వూ సెప్పక్కర్లేదు. నన్ను సర్పంచు అన్నారు కదా. నాను సెప్తాను. ఆడు బోటెక్కకుండా సూసే పూచీ కూడా నాదే."

పెద్ద తువ్వాలు సర్దుకుని, "అదేదో నువ్వే మోసుకో" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. నేను చాలా తీర్మానాలు చూశాను, రాయించాను. బాధ్యత ఒకరి భుజం మీది నుంచి ఇంకొకరి భుజం మీదికి మారడం కంటితో చూసింది మాత్రం అక్కడే.

అప్పుడు ఆమె మిగతావి తేల్చింది. ఇంటికి రెండు బిందెలు, పసిపిల్లలున్న ఇంటికి మూడు. విరేచనాల బిడ్డ ఉన్నామెను వరసలో ముందుకు తెచ్చింది. అందరివీ నిండాక జనరేటరు టవరుకు. ట్యాంకు ఈసారి నిండకపోయినా సరే. "ఒప్పుకోనోలు ఉంటే ఇప్పుడే అనండి, రేపు కుళాయికాడ తిట్టుకోకండి" అంది. ఎవరూ అనలేదు. నీళ్లే కావాలన్న ముగ్గురూ మూడో బిందె పట్టుకుని వెళ్లారు.

టవరుకు వైరు కలిపాక రాయలసీమ పెద్దాయన, "ఇంగ దేవుడే దిక్కన్నా" అన్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత సర్పంచు చేతిలో ఫోను మీద గీతలు వచ్చాయి. ఆమె చేస్తూ పోయింది. కలవలేదు. మళ్లీ చేసింది. మూడో నాలుగోసారి అవతల ఒక గొంతు, గాలి చప్పుడు, బోటు ఇంజను చప్పుడు. ఫోను స్పీకర్లో పెట్టింది.

"ఏటే, ఉన్నారా?" అన్నాడు భర్త. ఇంకే మాటా లేదు.

"ఉన్నాం. మనోలందర్నీ పిలు. ఆడిని నీ పక్కన నిలబెట్టుకో." ముసలామె కొడుకు పేరు చెప్పింది. "బుజమ్మీద సెయ్యెయ్యి. ఏసినావా?"

"ఏసినాను. ఏటయింది?"

ఆమె ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "బాబూ, ఊరి తరపున నాను సెప్తన్నాను. అమ్మ ఎలిపోనాది. తుపాను రేత్రి గోడ పడిపోనాది. నీ పెల్లాం, గుంటలు బాగున్నారు, నా పక్కనే ఉన్నారు. నువ్వు ఈ తడవ బోటు ఎక్కకు. నీ పక్కనోడు నిన్ను ఒదలడు."

అటువైపు ఇంజను చప్పుడు ఆగిపోయింది. ఎవరో ఆపించి ఉంటారు. తర్వాత ఆ కొడుకు గొంతు వినిపించింది.

"ఎవులు మోసినారు?"

"ఆడోలమే. ముసిలోలికి సేతకానేదు. నాను ముందు పట్టినాను. మీ ఆవిడ కుండ పట్టింది."

నేను ఇంజినీరు వైపు చూశాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు. మా ఇద్దరికీ ఆ సంగతి తెలీదు. ఊరు చేరి ఇంతసేపైనా ఎవరూ మాతో అనలేదు. మగవాళ్లు లేని ఊళ్లో, కప్పులు లేచిపోయిన మర్నాడు, వానలో ఈ ఆడవాళ్లే పాడె మోశారు. ఆ తర్వాత వచ్చి మా ముందు వలల కోసం తిట్టుకున్నారు.

"సరే అప్పా" అన్నాడతను, అక్కతో అన్నట్టు. అంతే.

కోడలు ఫోను దగ్గరికి వచ్చింది. ఆమె ఏం చెప్పిందో ఇక్కడ రాయను. స్పీకరు ఆపేసి ఇచ్చింది సర్పంచు. అందరం కొంచెం దూరం జరిగాం.

తర్వాత వరస మొదలైంది. ఒక్కో ఇల్లూ వచ్చి ఒక్కో మాట చెప్పింది. ఒక్క మాట అన్న కట్టడి ఎవరూ పాటించలేదు. "ఇంటి రేకు ఎగిరిపోనాది, నాను ఎగరనేదు" అని ఒకామె. "నీ కొత్త వల బాగున్నాది. నా సంగతి అడగవేటి?" అని ఇంకొకామె. ఒక ముసలితల్లి ఫోను మూతికి ఆనించి, "ఒరే, కూడు తింటన్నావా నేదా" అని, అవతలివాడు ఏమంటున్నాడో వినకుండానే తప్పుకుంది. అవతల పేరు పలికిన ప్రతిసారీ ఒకడు ముందుకొచ్చి, "ఇన్నాను" అనేవాడు. ఇన్నాను. ఇన్నాను. రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు తన సగాన్ని హాజరు పిలుచుకుంటున్నట్టు ఉంది.

అప్పటికి మూడు దాటిపోయింది. మెరక ఊరి సర్పంచు మోటారు సైకిలు మీద వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, వాళ్ల చర్చిలో పెద్ద కూడా. జనరేటరు ఏదని అడగడానికే వచ్చాడు, ముఖంలో తెలుస్తోంది. బండి ఆపి వరస చూశాడు. ఫోనులో వస్తున్న గొంతులు విన్నాడు. ఇంజినీరు దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "మావోలు కూడా నలుగురు ఆ రేవులోనే ఉన్నారండి. ఐసు పనికి ఎల్నారు" అన్నాడు.

ఇంజినీరు సర్పంచు వైపు చూపించాడు. ఆమె విని, "రా బావా, వరసలో నిలబడు. ముందుకి తోసుకురాకు" అంది. ఆయన వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. తన వంతు వచ్చాక నలుగురి ఇళ్ల సంగతులూ చెప్పాడు. వెళ్తూ వెళ్తూ ఆమెతో, "మీ ట్యాంకు నిండనేదు కదా. రేపు మాది నిండితే పైపు వాలు మీవైపే. ఒదులుతాం" అన్నాడు. రెండు పంచాయతీల మధ్య ఒప్పందం కుదరాలంటే ఎన్ని సంతకాలు కావాలో నేను క్లాసులో ఒక గంట చెప్పేవాణ్ణి. ఇక్కడ మోటారు సైకిలు స్టార్టయ్యేలోపు అయిపోయింది. మర్నాడు నీళ్లు వదిలారు కూడా.

పది రోజుల తర్వాత ఇంజినీరుకు మెమో వచ్చింది, జనరేటరు వేరే పనికి ఎందుకు వాడారని. నాకు రాలేదు. సర్పంచు కోరిక మేరకు తానే వాడించానని, శిక్షణ కేంద్రం అధికారి అభ్యంతరం చెప్పారని జవాబు రాశాడట. నేను అడిగితే, "నిజమే కదా మేష్టారూ, మీరు చెప్పారు కదా" అని నవ్వాడు. అలా నవ్వే మనిషి.

పోయినేడు నాకు గుండె ఆపరేషను అయింది. ఇంటికి వచ్చి కొంచెం తిరుగుతున్నాక, ఒక సాయంత్రం మా అమ్మాయి పక్కన కూర్చుని, ఇంజినీరు పోయాడని చెప్పింది. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడే పోయాడు. కర్మ కూడా అయిపోయింది. నాకు చెప్పవద్దని డాక్టరు, పిల్లలు అనుకున్నారు. వాళ్ల భయం నాకు అర్థమైంది, కోపం రాలేదు. కానీ ఆ తర్వాత చాలా రోజులు నేను ఒక్కటే ఆలోచించాను. ఆయన లేని ఆ రోజుల్లో నేను ఆయన ఉన్నాడనుకుని బతికాను. కోలుకోగానే ఫోను చేద్దామనుకున్నాను. చెప్పవలసిన మాటలు పోగు చేసుకున్నాను. ఆ రేవులో నిలబడి "ఎవులు మోసినారు?" అని అడిగిన మనిషికి దక్కినది నాకు దక్కలేదు.

మొన్న తిరగగలిగాక శ్రీకాకుళం నుంచి బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను, ఎందుకో వెళ్లాలనిపించింది. ఆమె ఇప్పుడు సర్పంచు కాదు. చేపలు ఎండబెట్టుకుంటోంది. ఇంజినీరు సంగతి చెప్పాను. "నీల బాబా? తుపానుకి మాకు నీలు తెచ్చిన బాబా?" అని, చేతిలో చేప కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఎప్పుడు? ఎవులు మోసినారు?" అని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. కుల పెద్ద కూడా పోయాడట. ఆయన పోయినరోజే రేవుకి ఫోను చేసి, ఆయన కొడుకులకు చెప్పారట. చెప్పింది ఇప్పుడు సర్పంచుగా ఉన్న ఇంకెవరో కుర్ర మనిషి.

మనం ఇచ్చే శిక్షణల వల్ల ఇలా జరిగిందని నేను అనను. జనరేటరు వల్ల కూడా కాదు. ఒక మధ్యాహ్నం కొన్ని గంటలపాటు మేమిద్దరం తప్పుకున్నాం, అంతే. తప్పుకున్న చోట ఏముందో చూశాను.

ఆ ఊళ్లో ఇప్పుడు వలస వెళ్లినవాళ్ల దగ్గర చావు కబురు దాచడం లేదు.